రికు మిగిల్చిన బిళ్ళలు

తొమియె ఇంటికి వెళ్ళిన గిన్నె ఏదీ ఖాళీగా తిరిగి రాదని హమాజిరి రేవులో అందరికీ తెలుసు. ఎవరైనా నాలుగు చేపలు వేసి పంపితే, ఆ గిన్నెలోనే ఉప్పులో ఊరేసిన ముల్లంగో, అప్పుడే ఉడికిన చిలగడదుంపలో వేసి వెనక్కి పంపేది. ఒకసారి ఇంట్లో ఏమీ లేకపోతే గిన్నె కడిగి, తుడిచి, అందులో అగ్గిపెట్టె పెట్టి పంపింది గాని ఉత్తది మాత్రం పంపలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు నేర్పిన మర్యాద అది. అత్తగారు పోయింది. భర్త పోయాడు. షెడ్డులో కూర్చుని కమలాపండ్లు చిన్నవీ పెద్దవీ వేరుచేసే పని, మోకాళ్ళు ఒప్పుకోక తనే మానేసింది. మర్యాద మాత్రం మానలేదు.

కిందటి శరదృతువులో ఆమె కుక్క రికు కూడా పోయింది. ముసలితనం తప్ప దానికి ఏ రోగమూ లేదు. ఏటా దోమలు మొదలయ్యే వేళకి కనుమ అవతల పట్నంలో ఉన్న పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళేది. డాక్టరు దాని ముందుకాలి నుంచి కాస్త రక్తం తీసి, లోపలికి వెళ్ళి వచ్చి, ఆకుపచ్చ డబ్బా ఒకటి చేతిలో పెట్టేవాడు. దోమకాటుతో గుండెలో పురుగులు పడకుండా నెలకొకటి వెయ్యాల్సిన బిళ్ళలు. ఆ రక్తం ఎందుకు తీసేవాడో తొమియె ఎన్నడూ అడగలేదు. డాక్టరు దగ్గరికి వెళితే ఎక్కడో ఒకచోట గుచ్చకుండా పంపుతాడా అనుకునేది.

రికు పోయేనాటికి డబ్బాలో రెండు బిళ్ళలు మిగిలాయి. రికు పక్కబట్టలు కాల్చేసింది, తాడు కాల్చేసింది. బిళ్ళలు పారెయ్యడానికి చెయ్యి రాలేదు. పనికొచ్చే వస్తువు, చెడిపోనిది, ఖరీదైనది.

ఏప్రిల్‌లో వాన పడి ఇంటి వెనక వెదురుపొదలో లేత కొమ్ములు లేచాయి. తొమియె వాటిని తవ్వి, తవుడు వేసి ఉడికించి, వాటాలు వేసింది. కంచె అవతలి ఓనిషి వాటా గిన్నెలో సర్దుతుండగా ఆ బిళ్ళలు గుర్తొచ్చాయి. కాగితంలో పొట్లం కట్టి గిన్నె మూతమీద పెట్టింది. ఎంత బాగా కుదిరిందో అనుకుంది కూడా.

ఓనిషి ఒకప్పుడు పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. మనుషుల మీద అలిగి కుక్కతో మాట్లాడే రకం. ఆ కుక్క ముగి, కిందటి వేసవిలో కమలా తోటల్లోంచి దిగివచ్చింది. ఎవరు వదిలేశారో, కొండలమీద ఎన్నాళ్ళు తిరిగిందో తెలియదు. వచ్చి ఆయన గుమ్మంలో పడుకుంది, ఆయన లేవమనలేదు. చలికాలంలో, ఊళ్ళో కొట్టు నడిపే కోమొతో అనే ఆయన, "ఆ ఊరకుక్క మన ఊరికి ఏ రోగం తెస్తుందో," అని ఎవరితోనో అన్నాడట. అంతే. అప్పటినుంచి ఓనిషి ఉప్పు ప్యాకెట్టుకి కూడా ట్రక్కు వేసుకుని కనుమ దాటి వెళ్ళి వస్తున్నాడు.

"ఓనిషి గారూ, ఉన్నారా?"

"లేకపోతే ఇది ఎవరి అండ చూసుకుని మొరుగుతోంది?"

గిన్నె మూత ఎత్తి చూసి, "ఇన్ని వెదురు కొమ్ములా! నేనేమన్నా పాండానా?" అన్నాడు.

"పాండా అయితే ఇంకా ముద్దుగా ఉండేవారు. ఇదిగో, ఇవి ముగికి. మా రికువి, రెండు మిగిలిపోయాయి. గుండెపురుగు పట్టకుండా వేసేవి."

ఓనిషి పొట్లం విప్పి వాసన చూశాడు. ఎండుమాంసం వాసన. ముగి అప్పటికే మోకాళ్ళ దగ్గరికి వచ్చి మూతి పైకెత్తింది.

"చూశావురా, పెద్దన్నయ్య ఆస్తి నీకొచ్చింది," అని దాని తలమీద తట్టాడు. ఆయన నవ్వు ముఖం చూసి తొమియెకి చాలా రోజులైంది.

"మే నెల మొదటి రోజున వెయ్యండి. ఊళ్ళో అందరూ ఆ రోజే మొదలుపెడతారు."

"ఆ మాత్రం నాకు తెలీదనా?" అన్నాడు. తెలియదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడే గిన్నె తిరిగివచ్చింది, ఎండబెట్టిన చేపలు నిండుగా. కూరగాయల కత్తి మొద్దుబారిందని అంతకుముందెప్పుడో ఆమె అంటుండగా విన్నాడేమో, కంచె దగ్గర నిలబడి దాన్ని కూడా అడిగి తీసుకుని పదును పెట్టి ఇచ్చాడు. ఇచ్చినది చెల్లిపోయింది.

కుక్కలకు పిచ్చిరోగం రాకుండా సూదులు వేస్తారని ఊరి మైకు రెండు పూటలా చెప్పింది. ఆ గురువారం ఊరి హాలు ముందు చాప పరిచి, బల్ల వేశారు. వచ్చినవాళ్ళకి టీ పొయ్యడం తొమియె వంతు. పాత డాక్టరు మానుకున్నాక ఆయన ఆసుపత్రిలోకి వచ్చిన నకావొక అనే ఆవిడ సూదులు వేస్తోంది. చిన్న వయసు, వేగంగా పని చేసే చేతులు. ఓనిషి అందరికంటే ముందు వచ్చాడు, ముగికి సూది వేయించాడు, కోమొతో భార్య కనిపించేసరికి తాడు లాగి వెళ్ళిపోయాడు. తాడు బిగిసి ముగి ఒక్క దగ్గు దగ్గింది. మెడ నొక్కుకుంటే ఏ కుక్కయినా దగ్గుతుంది.

జనం పలచబడ్డాక, తెల్లకుక్కను చంకలో పెట్టుకున్న ఒకావిడ బల్లమీదికి వంగింది.

"డాక్టరమ్మా, గుండెపురుగు బిళ్ళలు కిందటేడువి మిగిలాయి. అవే వేసెయ్యనా?"

"వద్దు. ముందు దీన్ని తీసుకుని రండి, రక్తం చూడాలి."

"ఒక్క చుక్క రక్తానికి అంత దూరమా? మా ఆయన్ని చూపించడానికే నేను కనుమ ఎక్కలేదు."

అందరూ నవ్వారు. డాక్టరు కూడా నవ్వింది. తర్వాత దూదిని సీసాలో తడుపుతూ మామూలు గొంతుతోనే చెప్పింది. పురుగు అప్పటికే పట్టిన కుక్కయితే దాని రక్తం నిండా కంటికి కనపడని పిల్లపురుగులు ఉంటాయి. బిళ్ళ పడగానే అవన్నీ ఒక్కసారి చస్తాయి. ఆ చచ్చినదాన్ని ఒళ్ళు తట్టుకోలేదు. "అన్నిటికీ అలా అవుతుందని కాదు. కొన్నిటికి అవుతుంది. కిందటేడు ఒకాయన పొద్దున అన్నంలో పెట్టి తోటకి వెళ్ళాడు. మధ్యాహ్నం వచ్చేసరికి కుక్క లేదు."

తొమియె పోస్తున్న టీ కప్పు నిండి బల్లమీద పారింది. ఆమె గుడ్డ తెచ్చి తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది.

"కొండల్లో తిరిగి వచ్చిన కుక్కయితేనో?" అని అడిగింది.

"అలాంటిదయితే అసలు వెయ్యకూడదు. ఎన్ని దోమలు కుట్టాయో ఎవరికి తెలుసు?" డాక్టరు తలెత్తింది. "మీకు తెలిసిన కుక్క ఏదైనా ఉందా?"

కోమొతో భార్య కుర్చీలు మడుస్తూ ఆగింది. ఇక్కడ ముగి పేరు ఎత్తితే సాయంత్రానికి కొట్టు దాకా పోతుంది. మా ఆయన అప్పుడే అన్నాడు కదా అంటుంది.

"లేదు. ఊరికే అడిగాను," అంది తొమియె.

ఇంటికి వస్తూ దారిలో ఏం చెప్పాలో సర్దుకుంది. ఓనిషి గారూ, ఆ బిళ్ళలు ఒకసారి ఇలా ఇవ్వండి. ఆ మాట నోట్లో తిప్పి చూస్తే ఎక్కడా నిలవలేదు. ఇచ్చినదాన్ని వెనక్కి అడిగిన మనిషి ఆ రేవులో ఆమెకు తెలిసి ఎవరూ లేరు. పైగా ఆయన దానికి బదులు కూడా పంపేశాడు. ఇప్పుడు అడిగితే నేను మీకు విషం ఇచ్చానని చెప్పినట్టు. అంతకంటే ముందు, మీ కుక్క రోగిష్టిది అని చెప్పినట్టు. కోమొతోకి పట్టిన గతే తనకీ పడుతుంది.

ఆ సాయంత్రం కంచె దగ్గర బీరకాయ పాదుకి పురికోస కడుతున్నట్టు నిలబడింది. ఓనిషి వసారాలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

"డాక్టరమ్మ చెప్పింది, వేసవి ముందు కుక్కలకి రక్తం చూపించడం మంచిదట."

"చెప్పకేం. చూపిస్తే బిల్లు చూపించొచ్చు."

"ముగిని కూడా ఒకసారి..."

గోళ్ళ కత్తెర చప్పుడు ఆగింది. "ముగికేం?"

"ఏం లేదు. ఊరికే."

"దాని రక్తం పరుగెత్తడానికి ఉంది, సీసాల్లో పొయ్యడానికి కాదు. ఏం, కొట్టుకి వెళ్ళొచ్చారా? ఆయనేమన్నా అన్నాడా?"

"అయ్యో, నేను అటు పోనేలేదు."

"పోతే మాత్రం నాకెందుకు?" అని గోళ్ళు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ముగి మాత్రం కంచె దాకా వచ్చి ఆమె చెయ్యి వాసన చూసింది. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి ఆగి, మెడ చాచి, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు దగ్గింది. మెడకి తాడు లేదు.

ఆ తర్వాత తొమియెకి ఆ దగ్గు వినడమే పనయింది. బియ్యం కడుగుతుంటే వినిపించేది. ఎండలో పరుపులు కర్రతో కొడుతుంటే, కొట్టడం ఆపి వినేది. వినిపించకపోతే అదీ బాగుండేది కాదు. పొద్దున్నే ముగి తోటదారి ఎక్కడం కంచె సందులోంచి చూసేది. ఇంతకుముందు ఓనిషిని లాక్కుంటూ పోయేది. ఇప్పుడు సగం మెట్లెక్కి కూర్చుంటోంది. ఆయన కుక్క కోసం ఆగి, సముద్రం చూస్తున్నట్టు నిలబడుతున్నాడు.

అయినా ఇంకా వ్యవధి ఉంది. మే మొదటి రోజున కదా వేసేది. ఆ ముందురోజు వెళ్ళి, ముఖం మీదే చెప్పేసి, తిట్టించుకుని వచ్చేద్దామనుకుంది. ఆయన అలకకి సిద్ధపడటానికి కొన్ని రోజులు చేతిలో ఉన్నాయన్న ధీమాతో ఆ రోజుల్ని గడిపింది.

నెలాఖరు వారంలో దక్షిణపు గాలి తిరిగింది. ఒక రాత్రంతా వెచ్చటి వాన కురిసి, తెల్లవారేసరికి తోటల్లో నీళ్ళ తొట్లన్నీ నిండి, మట్టిలోంచి ఆవిరి లేస్తోంది. తొమియె తడిసిన వెదురాకులు ఊడుస్తోంది. చెవి దగ్గర సన్నగా రొద వినిపించింది. చెంప మీద కొట్టుకుని అరచెయ్యి చూసుకుంది. దోమ. నల్లకాళ్ళ మీద తెల్లచారలున్న దోమ, పక్కన రక్తపు మరక.

చీపురు అక్కడే పడేసింది. కంచె చుట్టూ తిరిగి వెళ్ళే ఓపిక లేక, మందారపు కొమ్మలు తోసుకుని అవతలికి దాటింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ అలా దాటలేదు.

"ఏమిటిది, దొంగలా?" అన్నాడు ఓనిషి. వసారాలో ముఖం కడుక్కున్న తువ్వాలు మెడలో ఉంది.

"ఆ బిళ్ళ... ముగికి వెయ్యకండి. నేను..."

"వేసేశాను. పొద్దున ముఖమంతా దోమలు. ఇంకా మే నెల దాకా ఆగడమేమిటని అన్నంలో పెట్టాను. లొట్టలేసుకుంటూ తినేసింది."

ముగి వసారా కింద నీడలో పక్కకు వాలి పడుకుని ఉంది. తొమియె వచ్చినా లేవలేదు. తోక ఒకసారి నేలకి కొట్టింది, అంతే. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని దాని పైపెదవి ఎత్తింది. చిగుళ్ళు ఎర్రగా ఉండాల్సినవి, ఉడికించిన చేపలా పాలిపోయి ఉన్నాయి. పక్కటెముకలు త్వరత్వరగా ఎగిసిపడుతున్నాయి.

"ట్రక్కు తియ్యండి," అంది.

"ఎందుకు?"

"తియ్యండి. దారిలో చెప్తాను."

దారిలో ఆమె చెప్పింది కొంతే. రక్తం చూడకుండా ఆ బిళ్ళ వేస్తే కొన్నిటికి పడదట, అంది. ఎవరు చెప్పారని గాని, ఎప్పుడు చెప్పారని గాని ఆయన అడగలేదు. కనుమ మలుపుల్లో రెండు చేతులూ చక్రం మీదే ఉంచి ముందుకి చూశాడు. ముగి తల తొమియె ఒళ్ళో ఉంది. మలుపు తిరిగినప్పుడల్లా ఆ తల, పట్టు లేని బరువులా, ఒక పక్కనుంచి ఇంకో పక్కకి దొర్లుతోంది.

నకావొక డాక్టరు ముగిని బల్ల మీద పడుకోబెట్టి కాలి వెంట్రుకలు గీకుతూనే అడిగింది. "ఏం తిన్నది?"

"గుండెపురుగు బిళ్ళ. పొద్దున," అన్నాడు ఓనిషి.

"ఏ మందు? ఎన్ని కిలోల కుక్కది?"

"తెలీదు."

"ఎక్కడిది?"

ఓనిషి తొమియె వైపు చూడలేదు. "ఇంట్లో ఉంది. పాతది. ఎప్పటిదో."

"గుర్తు తెచ్చుకోండి, తాతగారూ. వీటిలో రకాలున్నాయి. కొన్ని పిల్లపురుగుల్ని మెల్లగా చంపుతాయి, కొన్ని గంటల్లో చంపుతాయి. ఎంత పడిందో తెలియకుండా దీన్ని నేనెలా నిలబెట్టను?"

"గుర్తులేదమ్మా. చెప్పాను కదా, పాతది."

ఆయన తొమియెను కాపాడుతున్నాడు. వెదురు కొమ్ములు తెచ్చి ఇచ్చిన మనిషి పేరు పరాయివాళ్ళ ముందు అనకూడదని, మొండిగా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన అలాగే ఉంటే తన పేరు ఎక్కడా రాదు. ముగి నాలుక ఒక పక్కకి జారి ఉంది.

"అది నాది," అంది తొమియె. "మా రికుది. హమాజిరి రికు. ఇక్కడే ఇచ్చారు, ఆకుపచ్చ డబ్బా. దీనికి రెండింతలుండేవాడు మా వాడు. నేనే ఇచ్చాను."

డాక్టరు లోపలికి కేకేసి రికు కాగితాలు తెప్పించింది. చూసి మందు ఎంచుకుంది, సూది మీద సూది వేసింది, సెలైను పెట్టింది. ముందుగా తీసిన రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి వంగి, చాలాసేపు లేవలేదు.

లేచి, "ఉన్నాయి. నిండా ఉన్నాయి," అంది. ఆ తర్వాత తొమియె వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు, ఇప్పుడే అర్థమైనట్టు మాత్రమే ఉంది. "ఆ రోజు సూదుల దగ్గర మీరడిగింది ఈ కుక్క గురించేనా?"

తొమియె తల వంచింది.

గదిలో సెలైను చుక్కలు పడుతున్నాయి. ఓనిషి బల్ల అంచు మీంచి చేతులు తీసేశాడు. మెడలోని తువ్వాలు తీసి మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

"ఆ రోజు గురువారం," అన్నాడు. "నేను గోళ్ళు తీసుకుంటున్నాను."

ఇద్దరూ సాయంత్రం దాకా ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నారు. చివరి బస్సు వేళకి ఆయన తలుపు వైపు గడ్డం చూపించాడు. ఆమె లేచి వెళ్ళి బస్సెక్కింది.

ముగి బతికింది. మర్నాడు కాదు, ఆ మర్నాడు ట్రక్కు ముందుసీట్లో పడుకుని వచ్చింది. కంచె సందులోంచి చూస్తే, ఓనిషి దాన్ని బియ్యపు బస్తా ఎత్తినట్టు రెండు చేతులమీదా ఎత్తి లోపలికి తీసుకువెళుతున్నాడు. పెద్దపురుగులు ఇంకా గుండెలోనే ఉన్నాయట. వాటిని తొందరపెట్టకూడదట. కుక్కని పరుగెత్తనివ్వకూడదు, మెట్లెక్కనివ్వకూడదు, ఎగరనివ్వకూడదు. ఏ రోజైనా చచ్చిన పురుగు ఒకటి ఊడి ఊపిరితిత్తుల్లో అడ్డం పడొచ్చు. ఇదంతా తొమియెకి ఓనిషి చెప్పలేదు. కోమొతో కొట్టులో ఉల్లిపాయలు కొంటుంటే తెలిసింది.

ఆ నెలంతా కంచె మీంచి గిన్నె అటు వెళ్ళలేదు, ఇటు రాలేదు. తొమియె రెండుసార్లు చిక్కుళ్ళు ఉడికించి వాటా తీసి, తీసినది తనే తింది. అవతల ఓనిషి గొంతు మాత్రం అప్పుడప్పుడు వినిపించేది. "కూర్చో. లేవకు. ఎవరూ రాలేదు, మనింటికెవరొస్తారు?" ఆ తర్వాత దగ్గు. దగ్గు ఆగాక ఒక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తొమియె చేతిలో ఏ పని ఉన్నా ఆగిపోయేది, అవతల గిన్నె చప్పుడో, గొలుసు చప్పుడో అయ్యేదాకా.

వానలు పట్టిన రోజుల్లో ఒక పొద్దున గేటు దగ్గర ఓనిషి నిలబడి ఉన్నాడు. గొడుగు లేదు. లోపలికి రాలేదు.

"మాత్ర మింగించాలి. నోరు తెరవడం లేదు. నా ఒక్కడివల్ల కాదు."

తొమియె చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంది. "డాక్టరమ్మ ఇచ్చిందేనా?"

"మరి, మీ ఇంట్లో ఇంకేమన్నా మిగిలాయా?"

ఆయన ముందు నడిచాడు, ఆమె వెనక వెళ్ళింది, ఈసారి కంచె చుట్టూ తిరిగి.

ముగి చాప మీద పడుకుని ఉంది. చిక్కిపోయింది, పొట్ట మాత్రం కాస్త ఉబ్బింది. ఆమెను చూసి తోక కొట్టింది. తొమియె దాని తల ఒళ్ళోకి తీసుకుని రెండు దవడలూ పట్టుకుంది. ఓనిషి మాత్రని నాలుక వెనక్కి నెట్టి నోరు మూసి, గొంతు కిందికి నిమిరాడు. ఆమె ఎడమచెయ్యి దాని ఛాతీ కిందికి జారింది. అక్కడ గుండె ఒక వరస లేకుండా, ఆగి, తొందరపడి, మళ్ళీ ఆగి కొట్టుకుంటోంది.

గుటక పడింది.

ఓనిషి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి తొమియె మెల్లగా, "టీ పెట్టనా?" అంది.

"వద్దు. కదలకండి," అన్నాడు. కళ్ళు ముగి పక్కటెముకల మీదే ఉన్నాయి. "మాత్ర పడ్డాక సాయంత్రం దాకా చూస్తుండమంది డాక్టరమ్మ. మీరు అటునుంచి చూడండి."